పడుగు, పేక, పూర్ణం: ఇంట్లోనే శాకాహార పై

ఉగాది పొద్దున ఆదోనిలో ఏ వీధిలోకి వెళ్లినా ఓళిగ కాలుతున్న వాసన ఎదురొస్తుంది. శనగపప్పు ఉడికించి, కట్టు వార్చి, బెల్లం కలిపి రుబ్బిన పూర్ణం నిమ్మకాయంత ఉండలై పళ్లెంలో సిద్ధంగా ఉంటుంది. నూనెలో నానిన తోపు పిండిని అరచేతిలో వెడల్పు చేసి, నడుమ పూర్ణం పెట్టి, అంచులు పైకి లాగి మూసేస్తారు. ఆకు మీద తట్టి పెనం మీద వేస్తారు. పిండి చిరగదు, పూర్ణం బయటపడదు. ఆ చేతికి ఎవరూ కొలతలు రాసివ్వలేదు. అయినా పిండి ఎంతసేపు నానాలో, పూర్ణం ఎంత గట్టిపడాలో, మంట ఎంత ఉండాలో దానికి తెలుసు.

అదే ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఫోనులో ఆపిల్ పై తయారీ చూసి పక్కన పెట్టేస్తుంది. ఓవెన్ లేదు, గుడ్డు వాడరు, పైగా అది మన వంట కాదు అనుకుంటుంది. ఈ మూడు అడ్డంకుల్లో మొదటిదానికి మందపాటి గిన్నె చాలు. రెండోదానికి పాలూ కార్న్‌ఫ్లోరూ ఉన్నాయి. మూడోది ఉత్త అపోహ. పిండిలో కూరిక పెట్టి మూసి కాల్చే విద్య ఆ ఇంటి వంటగదిలో పండగ పండగకూ నడుస్తూనే ఉంది. కొత్త పనిలో చెయ్యి ఇదివరకే నేర్చినదెంతో ముందు లెక్క చూసుకుంటే, నిజంగా నేర్చుకోవలసింది ఎంత కొద్దిదో తెలుస్తుంది. ఈ అధ్యాయం ఆ లెక్కను పై అనే వంటకం మీద చూపిస్తుంది. సరుకులన్నీ ఆదోని, ఎమ్మిగనూరు బజారుల్లో దొరికేవే.

ఓళిగకూ పైకీ ఉన్న చుట్టరికం

పై అంటే పిండి గోడల మధ్య కూరిక పెట్టి పొడి వేడిలో కాల్చినది. కొన్నింటికి అడుగు పొర మాత్రమే ఉంటుంది, కొన్నింటికి పైన మూత ఉంటుంది, కొన్నింటికి అల్లిన జాలీ ఉంటుంది. కూరిక తీపి కావచ్చు, కారం కావచ్చు.

ఈ ఆలోచన దక్కనుకు పాతదే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున వెలసిన మానసోల్లాసంలో పిండితో చేసి కాల్చే మండకాల ప్రస్తావన ఉంది. 14వ శతాబ్దంలో ఢిల్లీ వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, మహమ్మద్ బిన్ తుగ్లక్ విందులో సంబూసక్‌లు వడ్డించారని రాశాడు. కైమా మాంసం, బాదం, పిస్తా, ఉల్లి, మసాలాలు పలచటి పిండిలో చుట్టి నేతిలో వేయించినవి అవి. మాంసం స్థానంలోకి ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు వచ్చాక అదే సమోసాగా ఆదోని టీ కొట్ల పళ్లేల్లోకి చేరింది. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్‌లో తగరపు గనుల కూలీలు మధ్యాహ్నానికి కట్టుకెళ్లిన పాస్టీ కూడా కర్జికాయలా అర్ధచంద్రాకారంలోనే ఉంటుంది. దాని అంచును తాడు పేనినట్టు మడుస్తారు. 2011లో యూరోపియన్ యూనియన్ దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ మడత పక్కనే కర్జికాయ అంచును పెట్టి చూస్తే రెండూ ఒకే చేతి పనిలా కనిపిస్తాయి.

గుడ్డు లేని బేకింగ్‌కూ దగ్గర్లోనే చరిత్ర ఉంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. అందుకే ఈ వైపు మాటలోనూ తిండిలోనూ కన్నడం కలిసిపోయి ఉంటుంది. ఓళిగ అన్న పేరే అందుకు సాక్ష్యం. ఆ కన్నడ నాట, బెంగళూరు చిక్‌పేటలో 1898లో మొదలైన బి.బి. బేకరీతో అయ్యంగార్ బేకరీల సంప్రదాయం వేళ్లూనుకుంది. గుడ్డు ముట్టని ఇళ్లవారు రొట్టె, బన్ను, పఫ్ చేసి అమ్మారు. ఆ బేకరీల్లో పేరుపడ్డ దిల్‌పసంద్ రెండు పిండి పొరల మధ్య కొబ్బరి, చక్కెర, టూటీఫ్రూటీ పెట్టి కాల్చి ముక్కలుగా కోసినది. దానికి పై అన్న పేరు లేదు గానీ పనితనమంతా పైదే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఓళిగ పిండి సాగాలి, పై పిండి విరగాలి. అందుకే పై చేయబోయేవారు ఓళిగ దగ్గర కూరిక సంగతి నేర్చుకోవాలి, కర్జికాయ దగ్గర పిండి సంగతి నేర్చుకోవాలి.

పత్తి గింజ నుంచి పై పిండి దాకా

పై పిండి కరకరలాడేది కొవ్వు వల్ల. ఇంగ్లండ్, అమెరికాల్లో తరతరాలుగా ఆ కొవ్వు చాలావరకు పంది కొవ్వే. అది మారిన కథలో పత్తికి పెద్ద పాత్ర ఉంది.

పత్తి వ్యాపారంతో రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనికి ఆ కథ సులువుగా అర్థమవుతుంది. జిన్నింగ్ మిల్లులో దూది వేరయ్యాక గింజ మిగులుతుంది, గింజ నుంచి నూనె వస్తుంది. అమెరికాలోనూ అలాగే మిగిలిన పత్తి గింజల నూనెను ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ హైడ్రోజన్‌తో గట్టిపరచి 1911లో క్రిస్కో పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ పేరు కూడా గట్టిపడ్డ పత్తి గింజల నూనె అన్న ఇంగ్లిష్ మాటల పొట్టి రూపమే. పంది కొవ్వు తినని యూదు కుటుంబాలకు అది ప్రత్యేకంగా అక్కరకొచ్చింది. జంతువు కొవ్వు లేకుండా కరకరలాడే పై పిండి అమెరికా ఇళ్లలో మామూలు సంగతి కావడం అక్కడి నుంచే జోరందుకుంది.

మన దేశంలో ఆ స్థానం వనస్పతి తీసుకుంది. కానీ నూనెను సగం గట్టిపరిచినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటు చేస్తాయి. అందుకే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వుల్లో వాటి పరిమితిని దశలవారీగా తగ్గిస్తూ 2022 జనవరి నుంచి 2 శాతానికి దించింది. ఇంట్లో చేసేటప్పుడు వెన్న, నెయ్యి, వేరుశనగ నూనె ఉండగా వనస్పతి జోలికి పోవలసిన పని లేదు.

శాకాహారులు చూసుకోవలసినవి మరో మూడు ఉన్నాయి. కూరిక గట్టిపడటానికి జెలటిన్ వాడమని ఎక్కడైనా రాసి ఉంటే అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేదని గుర్తించాలి. దాని స్థానంలో సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ అగర్ గానీ, కార్న్‌ఫ్లోర్ గానీ వాడవచ్చు. ఛీజ్ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూడాలి, ఎందుకంటే కొన్ని రకాలకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. గుడ్డు ఉన్న పొట్లం మీద మన దేశంలో మాంసాహారపు గుర్తే ఉంటుంది కాబట్టి, బేకరీ సరుకు కొనేవారు గుర్తు చూస్తే చాలు.

గుడ్డు లేని కస్టర్డ్ మన కిరాణా కొట్టులో ఎప్పుడూ ఉండేదే. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1837లో కార్న్‌ఫ్లోర్‌తో కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఒక్క మనిషి కోసం చేసిన ఆ పొడి ఇప్పుడు గుడ్డు తినని లక్షల ఇళ్లకు పనికొస్తోంది.

పిండి: ఎండను బట్టి రెండు దారులు

పిండిలో నీళ్లు కలిపి మర్దిస్తే గ్లూటెన్ అనే సాగే జాలం ఏర్పడుతుంది. చపాతీకి, ఓళిగకు అది కావాలి. పైకి అది ఎంత తక్కువైతే అంత మంచిది. నీళ్లు తగలకముందే పిండి రేణువులకు కొవ్వు పట్టిస్తే ఆ జాలం సరిగా అల్లుకోదు. కర్జికాయలకు కాగిన నెయ్యి పోసి, పిండిని గుప్పిట పట్టి చూసి, ముద్ద నిలిస్తేనే నీళ్లు చల్లే అలవాటు ఇక్కడి ఆడవాళ్లందరికీ ఉంది. బేకింగ్ పాఠాల్లో పేజీలకొద్దీ చెప్పేది ఆ గుప్పిట పరీక్షనే.

మొదటి దారి చల్లని పిండి. ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, లేదా ఫ్రిజ్ ఉన్న ఇంట్లో తెల్లవారుజామున బాగా కుదురుతుంది. 150 గ్రాముల మైదా, 50 గ్రాముల గోధుమపిండి, అర టీస్పూన్ ఉప్పు కలపాలి. ఫ్రిజ్‌లో గట్టిపడిన వెన్న 100 గ్రాములు చిన్న ముక్కలు చేసి, వేళ్ల కొసలతో నలుపుతూ పిండిలో కలపాలి. అరచేయి తగిలితే వెన్న కరుగుతుంది. బొంబాయి రవ్వలా, మధ్యలో కందిగింజంత వెన్న పలుకులతో కనిపించినప్పుడు ఆపేయాలి. చల్లని నీళ్లు 3 నుంచి 4 టేబుల్ స్పూన్లు కొద్దికొద్దిగా చల్లి, ముద్దగా దగ్గరకు వచ్చిన వెంటనే చెయ్యి తీసేయాలి. మర్దించకూడదు. మూతపెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి. వెన్న బదులు గట్టిగా పేరిన నెయ్యి వాడితే 80 గ్రాములు చాలు. వెన్నలో దాదాపు ఆరో వంతు నీరు ఉంటుంది, నేతిలో ఉండదు. కాబట్టి నెయ్యి వాడినప్పుడు నీళ్లు ఒక స్పూను ఎక్కువ పడతాయి.

రెండో దారి వేడి నూనె పిండి. ఏప్రిల్, మే నెలల్లో ఆదోనిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి వెన్న, నెయ్యి రెండూ గిన్నెలోనే కరిగి నూనెలా అయిపోతాయి. ఎండతో పోట్లాడే కన్నా కర్జికాయ పద్ధతికి మారడం మేలు. అదే మైదా, గోధుమపిండి, ఉప్పు కొలతలకు 60 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె కాచి పోయాలి. పొగ రానివ్వకూడదు. గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారాక పిండికంతా పట్టేలా నలపాలి. గుప్పిట పరీక్ష నెగ్గాక గోరువెచ్చని నీళ్లు సుమారు 60 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా చల్లుతూ ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు ఉంచాలి. ఈ పిండికి పొరలు రావు, కానీ గుల్లగా విరుగుతుంది, చిరగకుండా ఒదుగుతుంది. తొలిసారి చేసేవారికి ఇదే ధైర్యాన్నిస్తుంది.

రెండు కొలతలూ 18 సెంటీమీటర్ల టిన్నుకు అడుగు పొర, పైన జాలీ వేయడానికి సరిపోతాయి.

కారం పై: ఉల్లిగడ్డతో మొదలు

కర్నూలు పశ్చిమాన ఉల్లి పండే పొలాలకు కొదవ లేదు. కోతల కాలంలో ధర పడిపోయి మార్కెట్‌లో గోనెసంచులు పేరుకుపోవడం ఇక్కడివారికి ఏటా కనిపించే దృశ్యం. ఆ రోజుల్లో ఉల్లి పైకి పూనుకుంటే సరుకు చవక, రుచి గొప్ప.

ఉల్లిగడ్డలో దాదాపు 90 శాతం నీరే. అదంతా కూరికలో ఉండిపోతే అడుగు పొర తడిసి పచ్చిపచ్చిగా మిగులుతుంది. అందుకే అర కిలో ఉల్లిని సన్నగా తరిగి, 2 టేబుల్ స్పూన్ల వేరుశనగ నూనెలో జీలకర్ర, 4 పచ్చిమిరపకాయల ముక్కలు, ముప్పావు టీస్పూన్ ఉప్పు వేసి, నిదానమైన మంట మీద 25 నుంచి 30 నిమిషాలు మగ్గించాలి. బాణలి నిండా ఉన్నది మూడో వంతుకు తగ్గి, తేనె రంగుకు రావాలి. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి లోపల నీరు అలాగే ఉంటుంది.

దించాక 3 టేబుల్ స్పూన్ల వేయించిన వేరుశనగ పొడి, ఒక టేబుల్ స్పూన్ పుట్నాల పొడి, కొత్తిమీర, కాస్త నిమ్మరసం కలపాలి. ఉగ్గానిలో చల్లే పుట్నాల పొడే ఇది. ఉగ్గానిలో తడిసిన బొరుగుల చెమ్మను పట్టుకున్నట్టే ఇక్కడ ఉల్లి చెమ్మను పట్టుకుంటుంది. కూరిక పూర్తిగా చల్లారాకే పిండిలోకి వెళ్లాలి. వేడి కూరిక పెడితే కొవ్వు కరిగి, కాలకముందే అడుగు పొర మెత్తబడుతుంది.

పత్తికొండ వైపు నుంచి వచ్చే టమాటాలతో చేయాలంటే ఇంకా జాగ్రత్త అవసరం. టమాటాలో నీరు 94 శాతం దాకా ఉంటుంది. చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, అరగంట జల్లెడలో పెట్టాలి. కారిన నీరు చారుకు వాడుకోవచ్చు. అడుగు పొరను ముందే ఒంటరిగా 12 నుంచి 15 నిమిషాలు కాల్చి, దాని మీద పుట్నాల పొడి చల్లి, అప్పుడు టమాటాలు పేర్చాలి. ఒంటరిగా కాల్చేటప్పుడు పిండి పొంగకుండా ఫోర్కుతో గాట్లు పెట్టి, కాగితం పరిచి, పాత శనగలు బరువుగా పోయాలి. ఆ శనగలను చల్లార్చి డబ్బాలో దాచుకుంటే ప్రతిసారీ పనికొస్తాయి.

మంత్రాలయం దగ్గర్లో ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లు చాలా ఉన్నాయి. వారికి అరటికాయ బాగా నప్పుతుంది. రెండు అరటికాయలు ఉడికించి తురిమి, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, పచ్చికొబ్బరి, నిమ్మరసం కలిపితే చాలు. సహజంగానే పొడి కూరిక కాబట్టి అడుగు తడిసే భయం ఉండదు.

తీపి పై: బుడ్డలూ బెల్లం

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పీకాన్ గింజలను చక్కెర పాకంలో ముంచి చేసే పైకి మంచి పేరుంది. పీకాన్ మన దగ్గర అరుదు, ఖరీదు. కానీ గింజా పాకమూ కలిసిన రుచి అంటే వేరుశనగ చిక్కీ కొరికిన ప్రతి నోటికీ తెలుసు. ఇక్కడివారు బుడ్డలనే వేరుశనగలు ఆదోని మార్కెట్ యార్డుకు పత్తితో పాటు వచ్చే ముఖ్యమైన పంట.

ముందు గింజలు ఏరాలి. నల్లబడినవి, ముడతలు పడినవి, బూజు వాసన వేసేవి పారేయాలి. వేరుశనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. మంచి గింజలు 200 గ్రాములు వేయించి, పొట్టు తీసి, బద్దలుగా దంచుకోవాలి. 150 గ్రాముల బెల్లాన్ని 75 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి వడకట్టాలి. ఇసుక ఉంటే అప్పుడే పోతుంది. బెల్లం నీళ్లు మరుగుతుండగా, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ను 50 మిల్లీలీటర్ల చల్లని నీళ్లలో కలిపి పోసి, చిక్కబడేదాకా తిప్పాలి. 2 టేబుల్ స్పూన్ల నెయ్యి, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, బుడ్డలు వేసి దించి చల్లార్చాలి. గుడ్డు చేయవలసిన బిగింపు పని కార్న్‌ఫ్లోర్ చేస్తుంది.

ఇందులో పాలు పోయాలనిపిస్తే ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. వేడి బెల్లంలో పాలు పోస్తే విరిగిపోవచ్చు. కొబ్బరిపాలు వాడితే ఆ చిక్కు ఉండదు, రుచీ కలుస్తుంది.

మామిడి కాలంలో మరో పై ఉంది. పాత కర్నూలు జిల్లాలోని బనగానపల్లె పేరు మీద ప్రపంచమంతా తిరుగుతున్న బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పీచు లేని కండ కావడంతో పైకి సరిగ్గా సరిపోతుంది. అర కిలో ముక్కలకు 60 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసం, 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి, పొయ్యి మీద గట్టిపడేదాకా ఉడికించి చల్లార్చి నింపాలి. బాగా మాగిన కాయ కంటే కాస్త గట్టిగా, పులుపు మిగిలున్న కాయ మేలు.

ఎమ్మిగనూరు అల్లిక

పై మీద కనిపించే పిండి జాలీని చూసి చాలామంది భయపడతారు. ఎమ్మిగనూరులో మగ్గం చూసినవారికి ఆ భయం అక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత కార్మికుల సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఆ సేవకు 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సంఘం నేసిన బట్టతో ఊరి పేరు దేశమంతా పాకింది. మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. పై జాలీ కూడా ఆ నేతే, దారాలు మాత్రం వేలెడు వెడల్పు.

మిగిలిన పిండిని 3 మిల్లీమీటర్ల మందాన వత్తి, 10 పట్టీలు కోయాలి. 5 పట్టీలను కూరిక మీద నిలువుగా పరచాలి. ఇది పడుగు. వాటిలో రెండోదాన్ని, నాలుగోదాన్ని సగం వెనక్కి మడిచి, మధ్యలో ఒక అడ్డపట్టీ పెట్టాలి. ఇది పేక. మడిచినవి తిరిగి దాని మీదికి పరచాలి. తరువాతి పేకకు ఒకటి, మూడు, ఐదో పట్టీలను వెనక్కి మడవాలి. మగ్గంలో పడుగు దారాలు వంతులవారీగా పైకి లేచి కిందికి దిగినట్టు, ఒక వంతు సరి పట్టీలు, మరో వంతు బేసి పట్టీలు లేస్తాయి. ఒక సగం అయ్యాక పళ్లెం తిప్పి రెండో సగం అల్లాలి. చివర్లను అంచుకు నొక్కి, కర్జికాయ మడత వేస్తే పని పూర్తవుతుంది.

అందంతో పాటు దీనికో పని కూడా ఉంది. జాలీ సందుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది కాబట్టి తడి ఎక్కువుండే కూరికలకు నిండు మూత కన్నా జాలీ మంచిది. నిండు మూత వేస్తే కత్తితో నాలుగైదు గాట్లు పెట్టాలి. మెరుపు కోసం గుడ్డు పూయమని రాసిన చోట చల్లని పాలు పూయాలి. తీపి పైకి పాలలో కాస్త బెల్లం కరిగిస్తే రంగు బాగా తిరుగుతుంది.

ఓవెన్ లేని వంటింట్లో

చిన్న ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తరువాత 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు కాల్చాలి. లేనివారికి మందపాటి అడుగున్న పాత గిన్నె, దానికి బిగుతైన మూత ఉంటే చాలు. అడుగున 2 సెంటీమీటర్ల మందాన ఉప్పు పోసి, మీద చిన్న స్టాండు పెట్టి, మూతేసి 10 నిమిషాలు మధ్యస్థ మంట మీద వేడెక్కించాలి. టిన్ను గిన్నె గోడలకు తగలకూడదు, చుట్టూ వేడిగాలి తిరగాలి. టిన్ను దించి మూత మూసి, మధ్యస్థ మంట మీద 20 నిమిషాలు, సన్నని మంట మీద మరో 25 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోతుంది. రోజూ అన్నం వండే కుక్కర్‌ను ఖాళీగా ఇలా కాల్చడం దానికి మంచిది కాదు, దీనికి వేరే గిన్నె కేటాయించుకోవాలి. వాడిన ఉప్పు వంటకు పనికిరాదు, డబ్బాలో దాచి మళ్లీ ఇదే పనికి వాడుకోవాలి.

గిన్నెలో కింది నుంచే వేడి తగులుతుంది కాబట్టి అడుగు పొర బాగా కాలుతుంది, పైభాగం తెల్లగా ఉండిపోతుంది. దానికి సులువైన ఉపాయం చేతి పై. అదే పిండిని పూరీలంత వత్తి, కూరిక పెట్టి, సగానికి మడిచి, అంచు మూసి, ఇనుప పెనం మీద సన్నని మంటకు రెండు వైపులా మూతపెట్టి కాల్చాలి. ఒక్కో వైపు 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. నూనెలో వేయించనక్కర్లేదు. బడికి, మగ్గం దగ్గరికి, పొలానికి పొట్లం కట్టుకుపోవడానికి ఇవే అనువు.

తప్పును చదవడం

మొదటి పై సరిగా రాకపోతే మొత్తం పద్ధతినే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. పై తన తప్పు తానే చెబుతుంది, చదవడం అలవాటు చేసుకోవాలి.

- అడుగు పచ్చిగా, మెత్తగా ఉంటే కూరికలో తడి ఎక్కువైంది, లేదా వేడివేడిగా పెట్టారు.
- పిండి గట్టిగా, నమలలేనట్టు ఉంటే మర్దన ఎక్కువైంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి.
- అంచులు కుంచించుకుపోతే పిండికి విశ్రాంతి చాలలేదు, లేదా టిన్నులో పరిచేటప్పుడు లాగారు.
- వత్తేటప్పుడే పొడిపొడిగా విరిగిపోతే నీళ్లు తగ్గాయి. ఒక్కో చెంచా చల్లాలి.
- కోయగానే కూరిక కారిపోతే చల్లారేదాకా ఆగలేదు.

చివరిది చాలా ఇళ్లలో జరుగుతుంది. పొయ్యి నుంచి దించిన పై ఎంత ఊరించినా, తీపిది గంట, కారంది 20 నిమిషాలు ఆగాలి. పాకం చల్లారితేనే కార్న్‌ఫ్లోర్ బిగుస్తుంది.

నిల్వ విషయంలో ఎండను మరవకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటినప్పుడు చెడిపోయే గుణమున్న వండిన పదార్థాలను గంటకు మించి బయట ఉంచవద్దని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. మన వేసవికి అది అక్షరాలా వర్తిస్తుంది. కొబ్బరి, పాలు, ఉల్లి, టమాటా ఉన్న పైలు అప్పటికప్పుడు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

నాలుగు ఆదివారాల సాధన

ఒక నోటు పుస్తకం తీసుకుని నాలుగు ఆదివారాలు ఇలా గడపవచ్చు. ఒక్కో వారం ఒక్కటే ముఖ్యమైన కొత్త పాఠం ఉంటుంది, మిగిలినది చాలావరకు పాతదే.

మొదటి ఆదివారం వేడి నూనె పిండితో అరటికాయ చేతి పైలు. కూరిక పొడిగా ఉంటుంది, పెనం అలవాటైనదే, కొత్తది పిండి ఒక్కటే. రెండో ఆదివారం అదే పిండి, అదే పెనం, కూరిక మాత్రం ఉల్లి. తడిని అదుపు చేయడం ఆ వారం పాఠం. మూడో ఆదివారం అదే పిండితో టిన్ను, ఉప్పు గిన్నె, బుడ్డల బెల్లం కూరిక. గిన్నె వేడిని అర్థం చేసుకోవడమే ఆ రోజు పని కాబట్టి జాలీ జోలికి పోకుండా పైభాగం తెరిచే ఉంచవచ్చు. నాలుగో ఆదివారం అదే కూరిక మీద పడుగు, పేక.

ప్రతివారం నాలుగు వివరాలు రాయాలి: పిండిలో పట్టిన నీళ్లు, ఆ రోజు ఎండ తీరు, మంట మీద ఉంచిన నిమిషాలు, కోశాక అడుగు పొర రంగు. పిండి సంచి మారినా, కాలం మారినా నీళ్ల కొలత కాస్త మారుతుంది. అందుకే పుస్తకంలో చదివిన కొలత కన్నా తన ఇంట్లో రాసుకున్న కొలత నమ్మదగినది. ఇంట్లో ఓళిగ చేసే పెద్దావిడ ఉంటే మొదటివారం పిండి ముద్దను ఆమె చేతికిచ్చి చూడమనాలి. తడి ఎక్కువో తక్కువో ఆమె వేళ్లు క్షణంలో చెబుతాయి. ఆమె చెప్పినదాన్ని పుస్తకంలో ఆ రోజు తేదీ కింద ఆమె మాటల్లోనే రాసిపెట్టుకుంటే, వచ్చే ఉగాదికి ఓళిగలతో పాటు పొయ్యి మీద ఒక బుడ్డల పై కూడా ఉంటుంది.